నాయన ట్రాక్టరు, అరవైనాలుగో వంతు



పోయిన నెల కూటానికి మేము ఒక చిన్న అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టినాము. అందులో బూడిదరంగు ట్రాక్టరు ఒకటి ఉండింది, చిటికెన వేలంత. చూసినవాళ్ళలో సగం మంది "ఎక్కడ కొన్నారు, ఎంత?" అని అడిగినారు. మిగతా సగం మంది ఏమీ అడగకుండా నవ్వి పక్కకు పోయినారు. ఆ నవ్వు అర్థం మాకు తెలుసు. అడిగినవాళ్ళకు, నవ్వినవాళ్ళకు కలిపి ఇక్కడే జవాబు రాస్తున్నాము. కొంచెం పొడుగవుతుంది, తీరికగా చదవండి. రాతలో తప్పులుంటే దిద్దండి. తమిళంలో చదువుకున్న చేతికి క, గ రెండూ ఒకటే అక్షరం.

మేము అంటే అన్న, తమ్ముడు. చెప్పే నోరు అన్నది, రాసే చెయ్యి తమ్ముడిది. అన్నకు డెబ్బై దాటింది, రెండు కళ్ళలోనూ చూపు బాగా తగ్గింది. తమ్ముడు రైల్వేలో గూడ్స్ గుమాస్తాగా చేసి రిటైరైనవాడు. మిద్దె మీద గదిలో ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ప్లైవుడ్ పలక వేసి, దాని మీద 1970 నాటి మీటర్ గేజ్ గూడ్స్ షెడ్డు ఒకటి కడుతున్నాము. కోవిల్‌పట్టి చుట్టుపక్కల కరిసల్ నేలలో ఉన్న స్టేషను అది. ఊరి పేరు చెప్పము, ఎందుకో ముందు చదివితే మీకే తెలుస్తుంది. ప్యాసింజర్ ప్లాట్‌ఫారం లేదు, టికెట్ కిటికీ లేదు. షెడ్డు, దాని పక్కన బండ్లు ఎక్కించే రాతి దిమ్మ, రెండు లైన్లు, పత్తి బేళ్ళు, ఒక తూకం మిషను, అంతే. ముప్పై ఏండ్లు చూసినదాన్నే కట్టగలము, చూడనిది కట్టలేము.

మొదట లెక్క చెప్పాలి, లెక్క లేకుంటే ఇది పిల్లల ఆటే. అంగళ్ళలో దొరికే మోడల్ రైలు పట్టాలు ఎక్కువగా 16.5 మిల్లీమీటర్ల వెడల్పువి. అవి విదేశాల 1435 మిల్లీమీటర్ల లైనుకు 87వ వంతు. మన మీటర్ గేజ్ 1000 మిల్లీమీటర్లు. అదే పట్టాలు పెట్టుకొని, మిగతాదంతా 64వ వంతులో చేస్తే మీటర్ గేజ్‌కు 15.6 రావాలి, ఉన్నది 16.5. తొమ్మిది పాయింట్లు ఎక్కువ. అసలు లైను మీద లెక్కేస్తే 56 మిల్లీమీటర్లు. ఆ మాత్రం తేడా కంటికి తెలియదు, కొత్తగా పట్టాలు పోసుకునే బాధ తప్పుతుంది. కనుక మా లోకంలో అన్నీ 64వ వంతు. ఐదున్నర అడుగుల మనిషి 26 మిల్లీమీటర్లు. పలక ఆరడుగులంటే అసలు నేల మీద 384 అడుగులు. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, కడపటిలో మళ్ళీ వస్తుంది.

ఇంజిను వై.జి., కొన్న చక్రాల మీద ప్లాస్టిక్ షీటుతో మేమే ఒళ్ళు కట్టినది. దాని కథ ఇంకోసారి. ఇప్పుడు ట్రాక్టరు.

బొమ్మ కొనేటప్పుడు మేము రంగు చూడము, పేరు చూడము. జేబులో ఆరంగుళాల స్కేలు ఉంటుంది, బొమ్మను తిప్పి చక్రాల మధ్య కొలుస్తాము. అసలు ఫెర్గూసన్ టి.ఇ.20 బండికి ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు 70 అంగుళాలు. 64తో భాగిస్తే 28 మిల్లీమీటర్లకు వెంట్రుకవాసి తక్కువ. మొత్తం పొడవు 115 అంగుళాలు, అంటే 46 మిల్లీమీటర్లు. "1:64" అని పెట్టె మీద అచ్చువేసి అమ్మే ఖరీదైన ట్రాక్టర్లు మాకు పనికిరావు. అవి ఈ కాలపు ఏనుగులు, 64వ వంతులో కూడా మా ఫెర్గూసన్‌కు ఒకటిన్నర రెట్లుంటాయి. మాకు కావలసింది తిరునాళ్ళలో గోనెపట్ట మీద పరిచి అమ్మే, ఏ లెక్కా లేని బొమ్మ. వెనక్కి లాగి వదిలితే పరిగెత్తే రకం. పచ్చది, ఎర్రది, నెత్తిన గాజు క్యాబిను, ఎక్కడా చూడని లావు చక్రాలు. స్కేలు తీసి కొలుస్తుంటే అంగడివాడు "ఐయా, ఇది గవర్నమెంట్ టెండరా?" అన్నాడు.

ఒకటి మాత్రం మనవడిది. అడగకుండా తీసుకున్నాము. వాడు రెండు పూటలు మాతో మాట్లాడలేదు, దాని బదులు పెద్ద జె.సి.బి. కొనిచ్చినాక రాజీకి వచ్చినాడు.

విప్పడం అడుగు నుంచి మొదలుపెట్టాలి. పోతపోసిన లోహపు బొమ్మ అయితే అడుగున రెండు మొలలు నలగగొట్టి ఉంటాయి. వాటి నెత్తి మీద చిన్న డ్రిల్లు పెట్టి తొలిస్తే ఊడి వస్తుంది. ప్లాస్టిక్‌దైతే స్క్రూనే. లోపల స్ప్రింగు మోటారు పెట్టెను తీసేస్తాము. అది పోయిన చోట పెద్ద బొంద మిగులుతుంది. ఆ బొందే మాకు మేలు. అందులో ఎం-సీల్ కూరి, గట్టిపడేలోపల వేలితో, అగ్గిపుల్లతో ఒత్తితే గేరు పెట్టె, వెనక ఇరుసు తిత్తి ఆకారానికి వస్తాయి. క్యాబినును హాక్సా బ్లేడు ముక్కతో కోసేస్తాము. చక్రాల మీది రెక్కలు మాత్రం ఉంచుకొని అంచులు సన్నం చేస్తాము. లోహం ఆకురాయికి అంటుకొని పళ్ళు మూసేస్తుంది, మధ్య మధ్య ఇనుప బ్రష్‌తో దులపాలి. ప్లాస్టిక్ నయం, కానీ ఆకురాయి కొంచెం వేగంగా ఆడితే వేడికి బంకలాగా అవుతుంది.

పాత బండి అని కంటికి తెలియజేసేది చక్రం. అసలు బండి వెనక టైరు పదంగుళాల వెడల్పు, అంటే మాకు 4 మిల్లీమీటర్లు. బొమ్మది 11 ఉండింది. చక్రాన్ని ఒక బోల్టుకు బిగించి, బోల్టును డ్రిల్లు మిషనుకు పట్టించి, తిరుగుతుంటే ఉప్పుకాగితం ఆనించి అరగదీసినాము. నల్ల పొడి గదంతా లేచింది, వదిన మిద్దెమెట్ల కాడ నిలబడి తిట్టిన తిట్లు కూడా లేచినాయి. ముందు చక్రాలకు నెల దినాలు వెతికినాము. సన్నగా ఉండాలి, 11 మిల్లీమీటర్లు ఉండాలి. ఒకరోజు అన్న చొక్కా వేసుకుంటూ ఆగిపోయినాడు. బొత్తాన్ని వేలితో తడిమి "ఇది కొలువురా" అన్నాడు. సరిగ్గా 11. ఆ చొక్కాకు ఇప్పుడు పైరెండు బొత్తాలు లేవు.

బానెట్టు ముక్కు గుండ్రంగా అరగదీయాలి. ఫెర్గూసన్ ముక్కు ఎనుము ముక్కు మాదిరి ఉంటుంది, మూలలు ఉండవు. ముందరి జాలీకి మాత్రల పట్టీ వెనక రేకును సూదితో నిలువు గీతలు గీసి అంటించినాము. సీటుకు అదే పట్టీలో మాత్ర కూర్చునే గిన్నెను కత్తిరించినాము. స్టీరింగుకు రాగితీగను బాల్‌పెన్ను రీఫిల్లు చుట్టూ చుట్టి ఒక్క చుట్టు కోసుకున్నాము. ముందు వైపు చెయ్యిపిడి, అంటే తిప్పి స్టార్టు చేసేది, గుండుసూదిని రెండుసార్లు వంచితే సరిపోయింది.

రంగు సులువు. టి.ఇ.20 ముక్కు నుంచి చక్రం దాకా ఒకటే బూడిదరంగు, కార్లకు కొట్టే ప్రైమరు డబ్బా సరిపోతుంది. కష్టం ఆ రంగును పాతది చేయడంలో ఉంది. ఇటుకపొడి, పొయ్యి మసి, కరిసల్ మట్టిని వల్లెగుడ్డలో జల్లించి తీసిన దుమ్ము. ఎంత పూసినా బండి పాతదిగా కాకుండా మురికిదిగా కనబడింది. అన్న అడిగినాడు: "కాలు పెట్టి ఎక్కే చోట ఏ రంగు పూసినావు?" అన్నిచోట్లా పూసినదే అన్నాము. "అక్కడ రంగే ఉండదు. నాయన కాలు పడి పడి ఇనుము తళతళలాడేది." ఆ ఒక్క చోట, గేరు కాడ మీద, సీటు అంచున రంగు గీకి పెన్సిలు ముక్కు రుద్దినాము. అప్పుడు అది పనిచేసిన బండి అయింది.

అన్న కళ్ళకు ఈ బొమ్మ కనబడదు. వేలితో చూస్తాడు. చూపుడు వేలి కొసతో ముక్కు నుంచి తోక దాకా ఒకసారి పోయి, "చెయ్యిపిడి కొంచెం కిందికి" అంటాడు, "రెక్క ఎత్తు ఎక్కువ" అంటాడు. పుస్తకాల్లో పటాలు చూసి సరిచూసుకుంటే అన్న వేలే నిజమవుతుంది. ఆ బండి మీద కూర్చున్నది అన్న కదా, తమ్ముడు వెనక రెక్క పట్టుకొని వేలాడినవాడు మాత్రమే.

ఆ బండి సంగతి కొంచెం చెప్పాలి. హ్యారీ ఫెర్గూసన్ ఐర్లండు మనిషి. మడకను బండికి మూడు చోట్ల తగిలించి, నూనె ఒత్తిడితో ఎత్తి దించే ఏర్పాటు ఆయనది. అంతకు ముందటి తేలిక బండ్లలో మడక రాయికి తగిలితే బండి ముందరి కాళ్ళెత్తి వెనక్కి తిరగబడి మనుషులను చంపేది. ఈ ఏర్పాటులో అదే లాగుడు ముందు చక్రాలను నేలకు ఒత్తుతుంది. ఈరోజు మన చేలల్లో తిరిగే ఏ ట్రాక్టరు వెనక చూసినా ఆ మూడు తగులుకాళ్ళే. 1938లో ఆయన అమెరికా పోయి హెన్రీ ఫోర్డుతో బేరం కుదుర్చుకున్నది ఒట్టి చేతులు కలిపి, కాగితం లేకుండా. ముసలాయన మనవడి కాలానికి అది చెడి, కోర్టుకెక్కి, 1952లో ఫెర్గూసన్‌కు 92.5 లక్షల డాలర్లు ఇచ్చి సర్దుకున్నారు. ఆర్.ఆర్. లేకుండా సరుకు వదిలితే ఏమవుతుందో గూడ్స్ ఆఫీసులో పనిచేసిన ఎవరినడిగినా చెప్పేవాళ్ళము.

టి.ఇ.20 బండ్లు 1946 నుంచి పదేండ్లు ఇంగ్లండులో కవెంట్రీలో తయారైనాయి, ఐదు లక్షలు దాటి. మన దేశంలో మొదటి ట్రాక్టరు ఐషర్ వాళ్ళది, 1959లో ఫరీదాబాదులో. మద్రాసులో ట్యాఫే 1960లో మొదలయింది. అయినా ఆ పదేండ్లు కొత్త బండికి పేరు రాయించుకొని ఏండ్ల తరబడి కాచుకోవలసిన కాలం. నాయనకు కాచుకునే ఓపిక లేదు. 1965లో రెండు ఎకరాలు కుదవపెట్టి, ఒక తోట యజమాని వాడి వదిలేసిన ఫెర్గూసన్‌ను తెచ్చినాడు. నాయన కూడా చేతులు కలిపే తెచ్చినాడు, కాగితం లేదు.

అవ్వ దానికి హారతిచ్చి "ఇనుపెనుము" అని పేరు పెట్టింది. గేరు కాడను "ఎస్" అని రాసిన చోటికి తోస్తేనే అది స్టార్టయేది, వేరే మీట లేదు. మొదట పెట్రోలుతో మొదలుపెట్టి, ఇంజిను కాగినాక కుళాయి తిప్పి కిరసనాయిలుకు మార్చాలి. ఆపేముందు మళ్ళీ పెట్రోలుకు మార్చాలి, మరిస్తే మరునాడు పొద్దున మొండికేస్తుంది. నాయన ఎన్నడూ మరవలేదు. మాలో పెద్దవాడు మరిచినాడు, రెండుసార్లు, రెండుసార్లూ దెబ్బలు తిన్నాడు.

పలక మీద ఇంకా రెండు మిషన్లు ఉన్నాయి. వాటిని తొందరగా చెబుతాము. ఒకటి పాత ఫోర్డ్‌సన్, ఇనుప చక్రాలది. రబ్బరు టైరు ట్రాక్టరుకు వచ్చింది 1932లో, అంతవరకు వెనక చక్రమంటే 42 అంగుళాల ఇనుప పట్టా, దాని మీద నేలను కరిచే ఇనుప పళ్ళు. మేము చిన్నప్పుడు ఒక జిన్నింగ్ మిల్లు వెనక అలాంటిది తుమ్మచెట్టు మొలిచి పడి ఉండేది, దాని మీదెక్కి ఆడుకున్నాము. పాలపొడి డబ్బా రేకును పట్టీగా కోసి బొమ్మ చక్రానికి చుట్టి, స్టేప్లరు పిన్నులను తుంచి పళ్ళుగా పెట్టినాము. మొదటిసారి తెలివిగా టంకం పెట్టబోయినాము, లోపలి ప్లాస్టిక్ చక్రం కరిగి నల్ల జిలేబి అయింది. ఇప్పుడు ఫెవిక్విక్‌తోనే. తుప్పు కావాలంటే ఇనుప పీచును వెనిగర్‌లో రెండు దినాలు నానబెట్టి ఆ నీళ్ళు పూయండి, రంగుతో తుప్పు చేయవద్దు.

రెండోది ఆయిలింజిను. అదీ ట్రాక్టరు బొమ్మలో పుట్టినదే. వెనక చక్రాల లోపలి గిన్నెలు రెండూ దానికి ఇరుపక్కలా ఫ్లైవీల్స్, బానెట్టు ముక్క నిలువుగా నిలబెడితే సిలిండరు. లిస్టరు రకం, ఆరు గుర్రాలు, నిమిషానికి 650 చుట్లు. మా బావి కాడ తాత కాలంలో కపిల ఉండేది, తోలు బాన, రెండు జతల ఎద్దులు, వెనక్కి నడిచే ఎద్దులను చూసి పిల్లలు నవ్వేవాళ్ళు. ఆ తరువాత ఈ ఇంజిను. పాపనాశం కరెంటు 1944లోనే పుట్టినా మా బావికి తీగ వచ్చేసరికి మాలో చిన్నవాడు బడికి పోతున్నాడు. బొమ్మ ఇంజినుకు పట్టా కట్టాలి, సైకిలు ట్యూబు పట్టీ లావైపోయింది. ఇంకా వెతుకుతున్నాము.

ఇప్పుడు అసలు సంగతి. ఇంతవరకు చదివినవాళ్ళు నిజమైన చుట్టాలు.

రెండు వానలు తప్పినాయి. కిరసనాయిలు, విడిభాగాలు, కుదవ వడ్డీ. అద్దెకు దున్నించుకున్నవాళ్ళు కోతయినాక ఇస్తామన్నారు, కోతే లేదు. 1970లో నాయన బండిని తంజావూరు వైపు ఒకరికి అమ్మేసినాడు. రోడ్డు మీద తోలుకొనిపోతే దారిఖర్చు ఎక్కువని రైలుకు వేసినారు. మా పలక మీద ఉన్నది ఆ దినమే. దిమ్మ పక్కన పక్కలు పొట్టిగా ఉన్న నాలుగు చక్రాల బండి, దాని మీద ట్రాక్టరు, చక్రాల కింద చెక్క ఆపులు, గొలుసు.

బండిని రైలెక్కించడానికి పద్ధతి ఉంది. ట్యాంకులో చుక్క పెట్రోలు ఉండకూడదు. బ్యాటరీ తీగ విప్పాలి. గేరులో పెట్టి, బ్రేకు బిగించి, నాలుగు చక్రాలకూ ముందూ వెనకా ఆపులు కొట్టాలి. ఫార్వర్డింగ్ నోటు మీద సరుకు పంపేవాడు సంతకం పెట్టాలి. ఇవన్నీ తమ్ముడు తరువాత ఉద్యోగంలో నేర్చుకున్నాడు. ఆ దినం వాడికి తొమ్మిదేండ్లు. వాడికి గుర్తున్నది ఇది: తెల్ల పంచె, నెత్తికి చుట్టిన ఎర్రంచు తువ్వాలు, ట్రాక్టరు మీద కూర్చొని దిమ్మ మీదినుంచి మెల్లగా రైలుబండి మీదికి తోలుతున్న నాయన వీపు. తరువాత నాయన వంగి గొలుసు బిగించడం. ముప్పై ఏండ్ల ఉద్యోగంలో ఎవరైనా బండిని రైలెక్కించడానికి వస్తే తమ్ముడు లేచి దిమ్మ దాకా పోయేవాడు, గుమాస్తా పని కాకపోయినా. గొలుసు సరిగా ఉందా అని లాగి చూసేవాడు. నాయన చేతులతో గొలుసు కట్టిన దినం వాడి కంట్లో ఉంది కనుక.

అందుకని నాయన బొమ్మ చేసినాము. రాగితీగ ఎముకలు, ఎం-సీల్ ఒళ్ళు, ఫెవికాల్‌లో ముంచిన కాగితపు పంచె, ఎర్రంచు తువ్వాలు. 26 మిల్లీమీటర్లు. గొలుసు పక్కన వంగి నిలబడేలాగా వంచి, అన్న వేలికి అందించినాము.

అన్న వేలు తువ్వాలు మీద ఆగింది.

"ఎవర్రా ఇది?"

"నాయన."

చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా, "నాయన రాలేదురా" అన్నాడు.

రాలేదట. బండి వెంట లెవల్ క్రాసింగ్ గేటు దాకా వచ్చి, అక్కడ వేపచెట్టు కింద కూర్చొనిపోయినాడట. "నువ్వే తోలుకొనిపో. ట్యాంకులోది డబ్బాలోకి వంచుకొనిరా, వదలవద్దు" అన్నాడట. ఎండగా ఉందని నెత్తి మీది తువ్వాలు విప్పి అన్న నెత్తికి చుట్టినాడట. అన్నకు పదహారేండ్లు, అప్పటికే నాయన ఎత్తు. తోలింది అన్న. గొలుసు కట్టింది అన్న. ఫార్వర్డింగ్ నోటు మీద నాయన పేరు తమిళంలో రాసింది కూడా అన్న. పదహారేండ్ల పిల్లవాడి చేత సంతకం పెట్టించుకున్న గూడ్స్ బాబు చూసీ చూడనట్టు ముద్ర వేసినాడు. ఊరి పేరు ఎందుకు చెప్పమన్నామో ఇప్పుడు తెలిసింది కదా.

మేము వారం దినాలు ఈ మాట మీద తగవులాడినాము. ఒకే పలకకు ఇటూ అటూ కూర్చొని, ఇద్దరు ముసలివాళ్ళు, వదిన కాఫీ పెట్టడం కూడా మానేసింది. "నేను చూసినాను" అని ఒకరు, "నేను చేసినాను" అని ఒకరు. "అయితే ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదు?" అంటే, "నువ్వు అడగలేదు కదా. నాయన తోలినాడు, నాయన తోలినాడు అని నువ్వు బడిలో చెప్పుకుంటుంటే కాదని ఎట్లా చెప్పేది?" అన్నాడు. ఆ ఏడాదే అన్న బడి మానేసినాడు. ఆ సంగతి మాకు ఎప్పుడూ తెలిసినదే, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసింది మాత్రం ఇప్పుడే.

తగవు తీర్చింది కిరసనాయిలు డబ్బా. ఆ డబ్బా ఇంటికి వచ్చింది ఇద్దరికీ గుర్తుంది. కొంచెం పెట్రోలు కలిసిందేమో అని అమ్మ దాన్ని దీపంలో పొయ్యలేదు, గోడ మూల పెట్టింది, నెలలకొద్దీ అక్కడే వాసన కొట్టేది. దాన్ని స్టేషను నుంచి ఎవరు మోసినారు? అన్న కుడిచెయ్యి చాపి చూపించినాడు, వేళ్ళ మీద డబ్బా తీగపిడి కోసిన మచ్చ. "నాయన మోయబోయినాడు, గేటు కాడ. నేనే ఇవ్వలేదు." తమ్ముడు ఆ మచ్చను వెయ్యిసార్లు చూసి ఉంటాడు. ఎట్లా వచ్చిందని అడగలేదు.

అందుకని ట్రాక్టరు పక్కన ఇప్పుడు వంగి గొలుసు బిగిస్తున్న బొమ్మ అన్నది. తువ్వాలు తీయలేదు, మూతి మీది మీసం మాత్రం గీకేసినాము. ఐసుపుల్ల ముక్కలు అంటించి అరగదీసి ఒక డబ్బా చేసి కాళ్ళ కాడ పెట్టినాము, ఐదున్నర మిల్లీమీటర్ల ఎత్తు. షెడ్డు నీడలో పత్తి బేలు మీద కూర్చున్న పిల్లవాడు ఒకడున్నాడు, వాడెవరో చెప్పనక్కరలేదు.

నాయనకు ఇంకో బొమ్మ చేసినాము, కూర్చున్నది. ఎక్కడ పెట్టాలి? అన్నను అడిగినాము, దిమ్మ నుంచి వేపచెట్టుకు ఎంత దూరమని. రెండు వందల గజాలు ఉంటుందన్నాడు. ఆరువందల అడుగులు, 64తో భాగిస్తే తొమ్మిదడుగుల నాలుగున్నర అంగుళాలు. పలక పొడవే ఆరడుగులు. టేపు పట్టుకొని దిమ్మ నుంచి కొలుచుకుంటూ పోతే పలక దాటి, గది గడప దాటి, మిద్దె మీద వదిన పెట్టిన కరివేపాకు తొట్టి కాడికి వచ్చింది. "అక్కడే పెట్టు" అన్నాడు అన్న. పెట్టినాము. వాన వచ్చేటట్టుంటే లోపలికి తెస్తాము. రెండుసార్లు వదిన నీళ్ళు పోస్తూ తడిపేసింది, పంచె కాగితం కదా, మళ్ళీ చేయవలసి వచ్చింది.

వచ్చే కూటానికి పలకను రెండు ముక్కలుగా విప్పి తెద్దామని ఉంది. మీ ఇండ్లలో పిల్లలు విరగ్గొట్టిన ట్రాక్టరు బొమ్మలుంటే పారెయ్యవద్దు, చక్రాలు ఊడినవైనా సరే. వెనక చక్రం 20 మిల్లీమీటర్లకు దగ్గరగా ఉంటే మరీ మంచిది. ఆయిలింజిను పట్టాకు ఏది పనికొస్తుందో తెలిసినవాళ్ళు చెప్పండి. పాత టేపు రికార్డరు బెల్టు అని అన్న అంటున్నాడు, ఎవరి అటకమీదనైనా ఒకటుందా?